తంబాకు అర్ర

"తాళంచెవి ఇయ్యి అన్నా."

"ఇయ్య."

"గొడ్డలి దెబ్బ పడ్డంక ఇస్తవా?"

"ఎయ్యి. తలుపు మీద ఎందుకు, నా మీదనే ఎయ్యి. నేను పడ్డంక నువ్వే తీసుకో."

రాజన్న అప్పటికే రెండు దెబ్బలు వేశాడు. తంబాకు అర్ర తలుపు మీద రెండు తెల్లటి గాట్లు పడ్డాయి. టేకు తలుపు, అంత తేలిగ్గా లొంగేది కాదు. మూడో దెబ్బకు చేయి ఎత్తేసరికి అన్న బాలమల్లు పరుగున వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. అతని చేతిలో బీడీలకు తునికాకు కత్తిరించే కత్తెర ఉంది. తాళంచెవి మొలతాడుకు కట్టి ఉంది.

తలుపు అవతల రాజన్న భార్య చాంద్రి దగ్గుతోంది. ఆమెకు ఏడో నెల. జ్వరం తగిలిందని మొన్న పొద్దున ఆ అర్రలో పెట్టి తాళం వేశారు.

ఎనిమిది రోజుల కిందట ఇదే అర్రలోంచి బాలమల్లు భార్య గంగామణిని నలుగురు మోసుకుని బయటికి తెచ్చారు. ఆ సంగతి రాజన్నకు ఈ పొద్దునే తెలిసింది. మహమ్మద్ నగర్ కాలువ పక్కన చెరుకు గానుగ దగ్గర అతనూ జ్వరంతో పడి ఉన్నాడు. జ్వరంలో ఉన్నవాడికి చావు కబురు చెప్పకూడదని ఇంట్లోవాళ్లు ఏమీ చెప్పి పంపలేదు. పదిహేను రోజుల తర్వాత కొత్త బెల్లం గడ్డ చంకన పెట్టుకుని వచ్చినవాడికి ఎదురు రావడానికి వదిన లేదు, పెండ్లాం లేదు.

"రేపు పొద్దుగాల నేనే తీస్త తమ్మీ. మూడు పొద్దులు కానియ్యి. నడుమల తీస్తే గాలి కొడ్తది. గాలి కొడితే మనిషి దక్కది."

"వదినెకు మూడు పొద్దులు అయినయి కదనే. దక్కిందా?"

బాలమల్లు వీపును తలుపుకు ఇంకా గట్టిగా అదిమాడు.

మూడు పొద్దుల సంగతి తెలియనివాడు బాన్సువాడ బీడీల గల్లీలో ఉండడు. పడిశం జ్వరం తగిలినవాళ్లను తంబాకు బస్తాల నడుమ పడుకోబెట్టాలి. కుంపట్లో తంబాకు కాడలు రాజేసి తలుపు మూయాలి. మూడు పొద్దులు గాలి సోకకూడదు, మెతుకు తగలకూడదు. పూటకో చెంచా శొంఠి కషాయం పోస్తే చాలు. ఆ ఘాటుకు రోగం చస్తుందట. రోగం సంగతి నాకు తెలియదు గానీ, ఈ పుష్యమాసంలో గల్లీలోని పన్నెండు ఇండ్ల నుంచి తొమ్మిది పాడెలు లేచాయి. అయినా ఆ నమ్మకానికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఈ వైద్యం వీళ్ల తండ్రి చంద్రయ్యతోనే మొదలైంది. పాతికేండ్ల కిందటి పెద్ద జ్వరాల్లో ఊరు ఊరంతా మంచాన పడితే, ఆయన ఇదే అర్రలో మూడు పొద్దులు తలుపు వేసుకుని, నాలుగో నాడు మీసం మెలేస్తూ బయటికి వచ్చాడు. ఆ కథతోనే చంద్రయ్య బీడీ పల్లెపల్లెకూ పాకింది. దగ్గు వస్తే చంద్రయ్య బీడీ కాల్చమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన పోయి ఆరేండ్లయినా కథ మాత్రం నిక్షేపంగా ఉంది.

లోపలి నుంచి దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఉన్నట్టుండి ఆగింది.

"చాంద్రీ!" రాజన్న అరిచాడు. "చాంద్రీ, నేనే! వచ్చిన!"

రాజన్న అన్న వైపు తిరిగాడు.

"జరుగుతవా లేదా?"

"జరగ."

అంతలో వాకిట్లోంచి దేవీబాయి వచ్చింది. చాంద్రికి చిన్నమ్మ, జుక్కల్ వైపు మనిషి. పది ఊళ్లకు మంత్రసాని. కూతురు లాంటి పిల్లకు పురుడు పోద్దామని రెండు నెలలు ముందే వచ్చి ఇక్కడ చిక్కుకుపోయింది. చేతిలో గంజి చెంబు. మొన్నటి నుంచి ఆ చెంబు పట్టుకుని తలుపు ముందు నిలబడటం, బాలమల్లు తిడితే వెనక్కి పోయి గంజి వేడి చేసుకుని మళ్లీ రావడం, ఇదే ఆమె పని.

"బాలమల్లూ, దండం పెడుత. తలుపు తియ్యకుంటే తియ్యకు. చెంబన్న లోపట పెట్టనియ్యి."

"జరంల మెతుకు పెడితే సస్తది. నీకు తెల్వదా అత్తా? మంత్రసానివి గదా?"

"మంత్రసానిని గాబట్టే చెప్తున్న. కడుపులున్న పిల్లగూడ తినాలె గదరా! రెండు పాణాలను ఒక్కతీరుగ ఎండగడుతున్నవు."

గోడకు ఆనుకుని కూర్చున్న పోసవ్వ తల ఎత్తింది. ఈ అన్నదమ్ముల తల్లి. పొద్దుటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడూ వియ్యపురాలి ముఖం చూడకుండానే మాట్లాడింది.

"మా ఇంటి పద్ధతి మాకున్నది వదినె. నువ్వు నడుమల రాకు."

"మీ ఇంటి పద్ధతేనా? మీ గల్లీ పద్ధతే గదా!" దేవీబాయి చెంబు కింద పెట్టింది. "ఇగ దాచేదేమున్నది, ఇను. మా జుక్కల్ల గూడ వచ్చింది గీ మెడలిరిచే మాన్‌మోడి జరం. మా వాడకట్టుల ఇరవై ఇండ్లల్ల సొచ్చింది. ఇద్దరే పోయిన్రు. ఇద్దరూ కాటికి కాళ్లు జాపినోళ్లే. ఈడ పన్నెండు ఇండ్లకు తొమ్మిది మంది ఎట్ల పోయిన్రు? మీ పోచమ్మకు మా పోచమ్మకు ఏమన్న తేడా ఉన్నదా?"

"జుక్కల్ గాలి వేరు," అన్నాడు బాలమల్లు.

"గాలి ఒక్కటే. మీరు లోపటికి రానిస్తలేరు, గంతే. మూలింటి ముసలాయన సంగతి చెప్పు. ముప్పై ఏండ్ల సంది తెల్లారితే దగ్గే గదా ఆయనకు? ఎనకింటామె తంబాకు దంచి దంచి రొమ్ము పాడు చేసుకున్నది. ఆమెను అర్రల పెట్టినరు, రెండోనాడే పోయె. పక్కింటి కోడలుకు ఎనిమిదో నెల. ఆ పిల్ల పీనుగను నేనే కడిగిన. నోట్లె తడి లేదు బాలమల్లూ, నాలిక అట్టగట్టింది. ఇంటింటికీ జరం వచ్చింది. ఎగిరి దుంకే పోరగాండ్లకు వచ్చింది, పోయింది. ముందే దమ్ము లేనోళ్లనూ, కడుపుతోని ఉన్నోళ్లనూ ఏరి ఏరి తెచ్చి, తిండి నీళ్లు బందుచేసి, గీ పొగల ఏస్తిరి. జరం సగమే చంపింది. మిగిలిన సగం మీరే..."

"నోరు ముయ్యి!"

"ముయ్య. గంగామణికి గవన్నీ ఉన్నయి. పదేండ్ల సంది చాట ముందల కూసున్న మనిషి, అన్నం మానిపిచ్చినవు, పొగల పెట్టినవు. దవాఖాన డాక్టరు కిటికీలు తెరువుమన్నడు, గంజి పొయ్యమన్నడు. ఆయన ఇచ్చిన సీసా వాకిట్ల పగలగొట్టినవు. గంగామణిని జరం..."

దేవీబాయి మాట పూర్తి కాలేదు. బాలమల్లు పక్కనే ఉన్న బీడీల చాట ఎత్తి ఆమె ముఖాన కొట్టాడు.

వెదురు చాట అంచు కనుబొమ్మ మీద తగిలింది. దేవీబాయి వెల్లకిలా పడింది. చాటలోని తంబాకు పొడి లేచి అర్ర ముందరి సాయబాను వసారా అంతా కమ్ముకుంది. గంజి చెంబు దొర్లి తునికాకు కట్టల కిందికి పోయింది.

అందరికంటే ముందు దగ్గింది బాలమల్లే. మామూలు దగ్గు కాదు. వంగిపోయి, మోకాళ్లు పట్టుకుని, ఊపిరి అందక ముఖం నల్లబడేదాకా దగ్గాడు. ఈ నాలుగు రోజులుగా అతను అలాగే దగ్గుతున్నాడు. ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే మూడు పొద్దులు అతనికీ పెట్టాలి గదా!

రాజన్న గొడ్డలి వదిలేసి అన్న గొంతు పట్టుకున్నాడు.

ఇద్దరూ తునికాకు కట్టల మీద పడ్డారు. చిన్నప్పుడు మంజీర ఇసుకలో పొర్లినట్టే పొర్లారు, కానీ అప్పుడు ఎవరి చేతిలోనూ కత్తెర లేదు. రాజన్న పిడికిలితో రెండుసార్లు ముఖం మీద గుద్దాడు. బాలమల్లు పెదవి చిట్లి రక్తం పళ్ల మీదికి వచ్చింది. అన్న గొంతు మంటలా కాలుతోందని రాజన్న అరచేతికి తెలిసింది. తెలిసినా వదలలేదు.

"ఇయ్యి! తాళంచెవి ఇయ్యి!"

బాలమల్లు కత్తెర దించాడు. అది రాజన్న ముంజేతిలో రెండు వేళ్ల లోతు దిగింది.

"కొడుకా!" అని పోసవ్వ లేచింది. ఏ కొడుకును పిలిచిందో ఆమెకే తెలియదు.

రాజన్న కత్తెర పీకి అవతల పారేశాడు. రక్తం మోచేతి దాకా కారుతోంది. కింద పడి ఉన్న గొడ్డలిని ఎడమ చేత్తో తీసుకుని, కుడి చేయి కూడా ఆనించి, కింద పడి ఉన్న అన్న తల మీదికి ఎత్తాడు. ఆ ముఖం చూస్తే ఈసారి తలుపు మీద వేయడానికి కాదని తెలిసిపోతోంది.

బాలమల్లు కళ్లు మూసుకోలేదు. "ఎయ్యి," అన్నాడు. "ఎయ్యి తమ్మీ. గంగి పోయినకాడికే పోత."

"గా అర్రకు కప్పు లేకుండెరా!"

కేక పెట్టింది పోసవ్వ. అర్థం లేని మాటలా వినిపించి గొడ్డలి గాలిలోనే ఆగింది.

"ఏమన్నవు అవ్వా?"

"మీ నాయిన పడుకున్ననాడు గా అర్రకు కప్పు లేకుండె." పోసవ్వ ఇద్దరి మధ్యకు వచ్చి కూలబడింది. "ఆ యేడు ఎండకాలంల రాళ్లవాన పడి పెంకులన్ని పలిగినయి. కొత్తయి ఎయ్యనే లేదు. పండుకుంటే మొగులు కనపడుతుండె. తంబాకు ఒక్క పిసరు గూడ లేకుండె, అంత పక్కింట్ల దాసినం. కుంపటి లేదు, పొగ లేదు."

దేవీబాయి కనుబొమ్మ మీద కొంగు అదుముకుని లేచి కూర్చుంది.

"మరి తలుపు ఎందుకు ఏసుకున్నడు?" బాలమల్లు అడిగాడు.

"ఊరోళ్లు చూస్తే ఊళ్లె ఉండనియ్యరని. జరం ఉన్నోళ్లను ఊరు దాటిస్తుండ్రి గదా అప్పుడు. నేను గోడ ఎక్కి తాడుకు కట్టి చెంబు దించేది. అంబలి, గంజి, నీళ్లు. దినాం నాలుగుసార్లు. నువ్వు అమ్మమ్మ ఇంట్ల ఉంటివి, నీకు తెల్వది."

"మరి తంబాకు..."

"బీడీలు అమ్ముడువోతయని చెప్పిండు బిడ్డా. ముందుగాల నవ్వులాటకే చెప్పిండు. జనం నమ్మిన్రు. నమ్మినంక ఎట్ల కాదంటడు? ఆయన పోయినంక నేనెట్ల కాదంట? చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపిచ్చిందిరా. నిజంగనే పొగ ఉండెనేమో అనుకున్న."

"గంగిని పెట్టిననాడు?"

పోసవ్వ తల వంచుకుంది.

"గంగిని పెట్టిననాడు ఎందుకు చెప్పలే అవ్వా?"

"నోటిదాక వచ్చింది. మీ నాయిన పేరు పోతదని..."

బాలమల్లు లేచాడు. తమ్ముడి చేతిలోంచి గొడ్డలిని, పిల్లవాడి చేతిలోంచి బొమ్మ లాక్కున్నంత తేలిగ్గా తీసుకున్నాడు. తల్లి ముందు నిలబడి ఎత్తాడు. పోసవ్వ పక్కకు జరగలేదు. కొంగు నెత్తి మీది నుంచి తీసి మెడ వంచింది.

"ఎయ్యి బిడ్డా. నాకు అదే మంచిది."

గొడ్డలి దిగింది. పోసవ్వ భుజాన్ని రాసుకుంటూ పోయి వెనకాల ఉన్న తంబాకు బస్తాలో కూరుకుపోయింది. బస్తా చినిగి పొడి జలజలా రాలింది. బాలమల్లు మళ్లీ వేశాడు. మళ్లీ వేశాడు. ఆ బస్తాలో ఏముందని అంత కోపం! చేతులు పడిపోయేదాకా నరికి, దాని మీదనే కూలబడ్డాడు.

"రెండో పొద్దున కొట్టింది," అన్నాడు.

"ఎవలు?" అంది దేవీబాయి.

"గంగి. తలుపు కొట్టింది. ముందుగాల పిడికిలితోని కొట్టింది. జర్రసేపటికి అరచేతితోని. మాపటీలికి గోర్లతోని గీకింది. నేను ఈడనే కూసున్న. బీడీల కట్టలు కడుతున్న. ఏమన్ననో ఎరుకేనా అత్తా? మూడు పొద్దులు కానియ్యే, అన్న. జరంల అట్లనే చేస్తరు, ఓర్సుకోవాలె, అన్న." అతను తల్లి వైపు తిరిగాడు. "నీకు ఇనపడలేదా అవ్వా?"

పోసవ్వ కొంగును మళ్లీ నెత్తి మీదికి లాక్కుంది.

"ఇన్న," అంది.

బాలమల్లు చేయి నడుము దగ్గరికి పోయింది. ముడి విప్పే ఓపిక లేకపోయింది కాబోలు, మొలతాడునే తెంపాడు. బతికున్న మగవాడి మొలతాడు ఎవరూ తెంపరు. తెంపేది పాడె మీద. పోసవ్వ "వద్దు బిడ్డా" అనేలోపే తాళంచెవి తమ్ముడి కాళ్ల దగ్గర పడింది.

రాజన్న చేతులు రక్తంతో జారుతున్నాయి. తాళం రెండుసార్లు తప్పింది. మూడోసారి తిరిగింది. తలుపు తోస్తే తెరుచుకోలేదు. ఏదో బరువు అడ్డం ఉంది.

"చాంద్రీ! జరుగు చాంద్రీ!"

మెల్లగా, చిన్నగా తోసుకుంటూ దూరాడు. పొగ ముఖాన కొట్టింది. చాంద్రి బస్తాల నడుమ లేదు. గడప దగ్గర బోర్లా కాకుండా ఒక పక్కకు ముడుచుకుని, తలుపు కింది రెండు వేళ్ల సందుకు నోరు ఆనించి పడి ఉంది. రాజన్న ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఎండలో పడుకోబెట్టగానే గొంతులో ఈల వేసినట్టు ఊపిరి లోపలికి పోయింది.

"ఉన్నది!" దేవీబాయి అరిచింది. "పాణం ఉన్నది! పండబెట్టకు, నీ రొమ్ముకు ఆనించి కూసోబెట్టు. జర ఎత్తుకు. ఆఁ, అట్ల."

రాజన్న ఏడుస్తున్నాడు. మగవాడు ఏడవకూడదని అతనికి ఎవరూ ఆ క్షణాన గుర్తు చేయలేదు. దేవీబాయి పొయ్యి మీద మిగిలిన గంజి తెచ్చి చెంచాతో పెదవులు తడిపింది. ఒక చెంచా బయటికే కారింది. రెండోది మింగింది.

"చిన్నమ్మా..."

"మాట్లాడకు బిడ్డా."

"గంగక్క చూపిచ్చింది చిన్నమ్మా." చాంద్రి మాటకు మాటకు ఆగుతోంది. "తలుపు అడుగున... గోర్ల గీతలున్నయి. ఆడికి పోయి పండుకున్న. ఆడ గాలొస్తది."

అర్ర వాకిలి దగ్గర నిలబడ్డ బాలమల్లు ఆ మాట విన్నాడు. వంగి తలుపు అడుగు చెక్క చూశాడు. వేలితో ఒక్కొక్క గీతా తడిమాడు.

దేవీబాయి చాంద్రి పొట్ట మీద చేయి పెట్టి కళ్లు మూసుకుంది. రాజన్న ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. చాలాసేపటికి ఆమె కనురెప్ప అదిరింది.

"ఒక్కసారి తన్నింది," అంది. "ఒక్కసారే. ఇగ నిలవడొద్దు. బండి కట్టు. ఈ గల్లీల వద్దు. నువ్వు యాడ లేచి తిరిగినవో ఆడికే పోదాం."

"గానుగ కాడికా? ఆడ గుడిసె తప్ప ఏం లేదత్తా. ఆరుబయట కళ్లంల పండుకున్నం. నలుగురం పడ్డం, నలుగురం లేచినం."

"గదే కావాలె. డాక్టరుకు ఆడికే కబురు చెయ్యి."

బండి కట్టడానికి ఎంతసేపు! రాజన్న ముంజేతికి దేవీబాయి తన కొంగు చించి కట్టింది. ఆమె కనుబొమ్మ నుంచి కారే రక్తాన్ని తుడుచుకోవడం ఆమెకు గుర్తే లేదు. గడ్డి మీద గొంగడి పరిచి చాంద్రిని కూర్చోబెట్టారు. గొడ్డలి ఇక ఈ ఇంట్లో ఉండొద్దని దేవీబాయి దాన్నీ బండిలో పడేసింది. బండి కదిలే ముందు రాజన్న వెనక్కి చూశాడు.

"అన్న ఏడ అవ్వా?"

పోసవ్వ కూడా వెనక్కి తిరిగింది. సాయబానులో ఎవరూ లేరు. తంబాకు అర్ర తలుపు మూసి ఉంది. బయట తాళం నేల మీదనే పడి ఉంది. లోపలి గడియ పడిన చప్పుడు ఎప్పుడైందో ఎవరూ వినలేదు.

"నువ్వు పో," అంది పోసవ్వ.

"అన్నకు ఒళ్లు కాలుతున్నదే. నేను ముట్టి చూసిన."

"నువ్వు పో కొడుకా! ఆ పిల్లను తీసుకపో. వీన్ని నేను చూసుకుంట."

చాంద్రి మళ్లీ దగ్గింది. రాజన్న ఒక్క క్షణం తలుపు వైపు, ఒక్క క్షణం పెండ్లాం వైపు చూశాడు. తర్వాత ఎడ్లను అదిలించాడు. బండి గల్లీ మలుపు తిరిగింది.

పోసవ్వ తలుపు దగ్గరికి వచ్చింది.

"బాలమల్లూ. తియ్యి బిడ్డా."

తలుపు కింది సందులోంచి సన్నగా పొగ బయటికి వస్తోంది. చాంద్రి కోసం రాజేసిన కుంపటి ఇంకా ఆరలేదు. దానిలో ఎవరో కొత్తగా కాడలు వేసినట్టు చిటపటమంటోంది.

"నీకు రొమ్ముల దమ్ము లేదురా. పొద్దంత దగ్గుతున్నవు. నీకు జరమున్నది. తియ్యి కొడుకా, గంజి తెస్త. కప్పు లేదని చెప్పిన కదరా! పొగ లేదని చెప్పిన కదరా!"

ఆమె పిడికిలి బిగించి కొట్టింది. మళ్లీ కొట్టింది. గొడ్డలి గాట్లు పడ్డ చోట చెక్క పొడుచుకుని వేళ్లు చీరుకుపోయాయి.

లోపల దగ్గు. ఆ దగ్గు ఆగాక, తలుపుకు దగ్గరగా, నెమ్మదిగా కొడుకు గొంతు వినిపించింది.

"మూడు పొద్దులు కానియ్యే, అవ్వా."

గొడ్డలి కోసం ఆమె చుట్టూ చూసింది. అది రాజన్న బండిలో పోయింది. ఇరుగుపొరుగును కేకేసింది. గల్లీలో తలుపులన్నీ మూసే ఉన్నాయి, ఇంటింటా ఎవరో ఒకరు మూడు పొద్దుల్లో ఉన్నారు. మూసిన ఇంట్లోంచి ఎవరు బయటికి వస్తారు?

పోసవ్వ తిరిగి వచ్చి తలుపు ముందు కూర్చుంది. పిడికిలి ఇక ముడుచుకోవడం లేదు. అరచేతితో కొట్టడం మొదలుపెట్టింది.